నిన్న వాలిన నెమలి

చల్ల అమ్ముకునే నూకాలు కాళ్ల వెండి కడియాల మీద కోట సుంకాధికారి భైరవయ్య కన్ను పడింది. మేలిమి చూస్తానని విప్పించుకుని, మర్నాడు అడిగితే అవి తనవే పొమ్మన్నాడు. నూకాలు ఊరుకుంటుందా! చల్లకుండ అక్కడే దించి, తిన్నగా రాజుగారి కొలువులోకి దూసుకెళ్లింది.

పిలిపించగానే భైరవయ్య తాపీగా వచ్చి కడియాలు చూపించాడు. "మా ముత్తవ్వవి మహాప్రభూ! చేయించిన రోజునే మా కంసాలి కొట్టిన నెమలి ముద్ర ఇదిగో."

కొలువంతా తలూపింది. నూకాలు వంగి చూసింది. ముద్ర నిజంగానే ఉంది, ఈకలతో సహా తళతళలాడుతూ! అంతలోనే ఆమె మొహం వెలిగిపోయింది.

"చేయించిన రోజునే కొట్టారా బాబూ?"

"ఎన్నిసార్లు చెప్పాలే? ఆ రోజునే!"

"మహారాజా, తమరే తడిమి చూడండి. వీటి చుట్టూ పువ్వులుండేవి. తరాల తరబడి తొడిగీ తొడిగీ అన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. వాటితోపాటే పుట్టిన నెమలికి ఒక్క ఈకైనా అరగలేదేం?"

రాజు వేలితో తడిమి, భైరవయ్య వైపు చూశాడు.

రాజు అందించిన కడియాలు అక్కడే తొడుక్కుంటూ నూకాలు నవ్వింది.

"ఈ నెమలి నిన్ననే వాలింది ప్రభూ. ముచ్చటగా ఉంది, ఉండనీయండి!"