పచ్చ బూజును కాల్చిన తమ్ముడు

అనగా అనగా, రాజులకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అయిన కాలంలో, కంకులవాడ అనే ఊరు ఉండేది. ఆ ఊరి నేల ఎర్రన. చేలు పచ్చన. పండిన మొక్కజొన్న కంకి పసుపు కొమ్ములా మెరిసేది.

ఆ ఊళ్ళో గంగులమ్మ, ఆమె తమ్ముడు ఓబులేసు ఉండేవారు. తల్లి పోయిన నాటి నుంచి ఓబులేసుకు అక్కే తల్లి. ఉన్న గంజి ముందు తమ్ముడి గిన్నెలో పోసి, "నేనిందాకే తాగానురా" అనేది. అతను నమ్మేవాడు.

ఒక ఏడు ఆ సీమకు నల్ల బూజు తెగులు వచ్చింది. కంకి పాలు పోసుకునే వేళకు కాండం లోపల నల్లబడి కుళ్ళిపోయేది. పొద్దున నిలబడిన మొక్క సాయంత్రానికి నేలకు ఒరిగేది. చేలకు చేలు కూలిపోయాయి.

మహారాజు మండిపడ్డాడు. మంత్రులను అడగలేదు. రైతులను అడగలేదు. దండోరా వేయించాడు.

"బూజు ఎక్కడ కనబడినా కాల్చండి! దాచినవారికి దేశ బహిష్కారం!"

అది విని ఓబులేసు నెత్తురు ఉడికింది. అతను చెడ్డవాడు కాదు. ఊరి ఆకలి చూడలేక కోపం తెచ్చుకున్నవాడు. కానీ ఆ కోపానికి సొంత మాటలు లేవు. రాజధాని వీధుల్లో విన్న కేకలనే ఎత్తుకొచ్చాడు. కుర్రకారును వెంటేసుకుని, కాగడా పట్టుకుని బయలుదేరాడు.

"బూజు ఉన్నచోట బూడిదే! మంచి బూజు లేదు! చిన్న శత్రువు లేడు!"

మొదట, పొలాల్లో కూలి కుళ్ళిన చొప్పను కాల్చారు. అది కాల్చవలసినదే. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఓబులేసు చెవిలో తేనెలా పడ్డాయి.

రెండోసారి, పోలయ్య తాత గాదె ముందు నిలబడ్డారు. చెమ్మకు అడుగున కొన్ని గింజలు బూజు పట్టి తెల్లబడి ఉన్నాయి.

"ఆ కాసినీ ఏరి పారేస్తాను నాయనా. తక్కినవి నా విత్తనాలు" అన్నాడు పోలయ్య.

"కుళ్ళుతో రాజీ లేదు!" అన్నాడు ఓబులేసు.

గాదె భగ్గుమంది. పోలయ్య ఆ మంటను చాలాసేపు చూశాడు. "నా గడ్డం కూడా తెల్లబడిందిరా ఓబులేసూ. అది కూడా బూజేమో చూసుకో" అన్నాడు. కుర్రకారు పకపకా నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. అలాగని కాగడా దించనూ లేదు.

అప్పుడు గుంపులోంచి ఎవరో అన్నారు. "ఊరందరి ఇళ్ళూ వెతికావు. మీ పెరడు చూశావా?"

అలా మూడోసారి, అందరూ గంగులమ్మ పెరట్లోకి వెళ్ళారు. అక్కడ పందిరి నీడన పేడ ఎరువు కుప్ప ఉంది. దాని మీద తడిపిన గోనె కప్పి ఉంది. ఓబులేసు గోనె ఎత్తాడు. కుప్పంతా ఆకుపచ్చని బూజు.

"ఇదేంటక్కా?"

"కిందటేడు ముసురుకు ఎరువు మీద ఇది పట్టిందిరా. పోయిన పంటలో ఆ ఎరువు పడిన చోట మొక్కలు ఒరగలేదు. అందుకని, పాలలో తోడేసినట్టు, ఒక పిడికెడు తెచ్చి కొత్త పేడలో కలిపాను. చూడు, ఎంత బాగా పట్టిందో."

"బూజు బూజే కదా!"

"ఏమోరా, నాకూ తెలియదు. నల్లది వేరు, పచ్చది వేరు అనిపిస్తోంది. ఈ ఒక్క పంటా చూడనివ్వు. నిన్న ఒక తట్టెడు మన చేను ఈశాన్యం మూల చల్లాను. రేపు తక్కినదీ..."

"అదుగో, అక్క అనేసరికి వీరుడి చెయ్యి వణికింది!" అన్నారు వెనక నుంచి.

ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు మూసుకుని కాగడాను కుప్పలోకి గుచ్చాడు.

గంగులమ్మ తిట్టలేదు. శాపం పెట్టలేదు. "కాస్త దూరంగా పట్టుకోరా, చెయ్యి కాలుతుంది" అంది.

కంకులు పాలు పోసుకునే కాలం వచ్చింది. నల్ల బూజు మళ్ళీ వచ్చింది. దానికి దండోరా వినబడదు కదా! చేలు మళ్ళీ కూలాయి. గంగులమ్మ చేనూ కూలింది. ఊళ్ళో పొయ్యిలు ఆరిపోయాయి. ఆమె మాత్రం ఎలాగో ఒక గిన్నెడు గంజి కాచి తమ్ముడికి పెట్టేది. "నేనిందాకే తాగానురా" అనేది. ఒకనాడు ఆమె మంచం పట్టింది. వైద్యుడు నాడి పట్టుకుని, "ఇది రోగం కాదు బాబూ, ఆకలి" అన్నాడు.

గంగులమ్మ తమ్ముణ్ణి పిలిచింది. "ఈశాన్యం మూల ఒకసారి చూసిరారా."

"చూడటానికేముందక్కా, అంతా పడిపోయింది" అన్నాడు ఓబులేసు.

మర్నాడు మళ్ళీ అడిగింది. అతను తల వంచుకున్నాడు. కూలిన చేను మొహం చూసే ధైర్యం లేకపోయింది.

మూడోసారి ఆమెకు గొంతు పెగల్లేదు. వేలితో ఈశాన్యం వైపు చూపింది. అతను లేచి వెళ్ళాడు.

చేనంతా పడి ఉంది. ఈశాన్యం మూల మాత్రం ఒక తట్టెడు ఎరువు పరుచుకున్నంత మేర మొక్కలు నిటారుగా నిలబడి ఉన్నాయి. నిండు కంకులతో నిలబడి ఉన్నాయి. ఓబులేసు వంగి, చేతి వేళ్ళతో మట్టి తవ్వసాగాడు.

"మెల్లగా, మెల్లగా! ఇక్కడ పనివాళ్ళున్నారు" అంటూ ఒక వానపాము తల ఎత్తింది.

"ఎవరూ లేరే?"

"నీ కంటికి ఆనరు. సన్నని పోగుల్లాంటివాళ్ళు. నల్ల బూజు వేరు మీదికి పాకిందంటే, ఈ పచ్చ బూజు దాన్ని తీగలా చుట్టుకుంటుంది. పీల్చి పిప్పి చేస్తుంది. కేక వెయ్యదు, కాగడా పట్టదు. నువ్వు కాల్చిన కుప్ప నిండా వీళ్ళే. మీ చేను కాయడానికి మీ అక్క పెంచుకున్న దండు అది."

ఓబులేసు ఒక కంకి విరుచుకుని పరుగెత్తాడు. "అక్కా! నిలబడ్డాయక్కా!" అంటూ గుమ్మంలోకి వచ్చాడు.

గంగులమ్మ వేలు ఇంకా ఈశాన్యం వైపే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

కర్మలన్నీ అయ్యాక, ఓబులేసు ఈశాన్యం మూల మట్టిని కుండలో నింపుకుని, వేళ్ళతో సహా ఒక మొక్కను పెకలించుకుని రాజసభకు వెళ్ళాడు. ద్వారం దగ్గర ఒక మంత్రి సంగతి విని చెవిలో ఊదాడు. "దేవత కలలో కనబడి చెప్పిందని అను. ఊరు ఇనాంగా ఇస్తారు. బూజు దాచామన్నావంటే మాత్రం బహిష్కారమే!"

ఓబులేసు సభలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. "మహారాజా, దీన్ని పెంచింది మా అక్క. కాల్చింది నేను. కాల్చమన్నది మీరు."

రాజు ఆ మొక్క వేళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. అవి తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అతని తల నెమ్మదిగా వాలింది.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు చివరికి.

"నాకు కావలసింది మీరివ్వలేరు. ఆ దండోరా వెనక్కి తీసుకోండి, చాలు."

దండోరా రద్దయింది. ఓబులేసు కుండలోని మట్టిని కొత్త పేడలో కలిపి పచ్చ బూజును పెంచి, ఇంటింటికీ పిడికెడు చొప్పున పంచాడు. ముందుగా పోలయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు. ముసలాయన దోసిలి పట్టి, "గడ్డం మిగిల్చావు కదరా, ఇందులో పొయ్యి" అన్నాడు.

మరుసటి పంట కూలలేదు. కొత్త గింజలతో ఊరంతా గంజి కాచుకుంది. ఓబులేసు కూడా కాచాడు. అలవాటు చొప్పున రెండు గిన్నెలు పెట్టాడు. ముందు అక్క గిన్నెలో పోశాడు. "నువ్వు తాగక్కా, నేనిందాకే తాగాను" అన్నాడు. గిన్నె అలాగే చల్లారిపోయింది.

బిడ్డలారా, శత్రువును పోలినదల్లా శత్రువు కాదు. కాగడా ఎత్తేముందు ఒక పంటకాలమైనా ఆగి చూడాలి.