లుసుంగన్ కొండమీది రోకటి పోటు

ఫిలిప్పీన్స్ దీవుల్లో, సముద్రపు గాలి తగిలే లుసుంగన్ కొండమీద ఒక చిన్న ప్రార్థనామందిరం ఉంది. దానికి గంట లేదు. భక్తులు వాకిట్లోని కొయ్యరోటిలో ఒక పోటు వేసి, ఆపైనే లోపలికి అడుగు పెడతారు. గంటకు గతిలేక కాదండోయ్! దాని వెనుక ఒక ఇల్లాలి గుండెకోత ఉంది.

పూర్వం ఇక్కడ, స్పెయిన్ దొరల ఏలుబడిలో, ఫౌస్తినో అనే రచయిత ఉండేవాడు. చచ్చినవాడికి చర్చి గంట మోగాలన్నా పాదిరీ చెయ్యి తడపాల్సిన రోజులవి. "బీదవాడి ప్రాణం చప్పుడు లేకుండా పోవాలా?" అని ఆయన రాశాడు. ఆ మాటకే దొరలు దేశం దాటించారు. పరాయిగడ్డన జ్వరంతో కన్నుమూశాడు.

కబురు విని భార్య సెగుండా కుప్పకూలింది. కడచూపా దక్కలేదు, గంటైనా మోగకపోతే ఆయన ఆత్మకు ఇంటిదారి తెలియదని ఆమె బెంగ. పాదిరీ కాళ్లమీద పడింది.

"నీ భర్త రాసినవన్నీ అబద్ధాలని ఆదివారం అందరి ముందూ చెప్పు. కావలసినంతసేపు మోగిస్తాను" అన్నాడాయన.

పాపం, ఒప్పుకుందామనే అనుకుంది. పోయిన మనిషికన్నా మాట ఎక్కువా అని మనసుకు నచ్చచెప్పుకుంది. ఆ ఆదివారం తెల్లవారుజామున కలలో ఫౌస్తినో వచ్చి గడపమీద కూర్చున్నాడు. గంట ఊసే ఎత్తలేదు. "ఆకలేస్తోందే, ఇంత అన్నం పెట్టు" అన్నాడు.

ఉలిక్కిపడి లేచింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, వడ్లున్నాయి. రోకలి అందుకుంది.

ఆదివారం దంచడం ఆ ఊళ్లో మహా తప్పు. పక్కింటి బసీలియా పరుగున వచ్చింది. "ఇవాళ దంపుళ్లేమిటి వదినా, మతిపోయిందా?"

"మీ అన్నయ్యకు ఆకలిగా ఉందట."

బసీలియా కళ్లొత్తుకుని, ఇంటికెళ్లి తన రోట్లోనూ పోటు వేసింది. ఆమెను చూసి ఎదురింటివారు, వారిని చూసి ఆపై వీధివారు. ఊరు దద్దరిల్లింది. ఆ మోత అణచాలని పాదిరీ మండిపడి గంట కొట్టించాడు. రోకళ్లు ఆగలేదు, గంటా ఆగలేదు.

సెగుండా చెమట తుడుచుకుని గడప వైపు చూసింది. "వినబడుతోందా? ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, నీ మాట అబద్ధమనీ అనలేదు. రా, అన్నం తిందువుగాని" అంది.

ఆ ఇంటి చోటే నేటి మందిరం. లుసుంగన్ అంటే అక్కడి భాషలో రోళ్ల తావు. దూరదేశంలో పోయిన తమవారిని తలుచుకుని ఇక్కడ పోటు వేస్తే, వారు ఇల్లు చేరతారని నమ్మకం. ఆ బియ్యం వండి తొలిముద్ద గడపమీద పెడతారు. ఎవరైనా డబ్బు కానుకగా ఇవ్వబోతే అక్కడి పెద్దమ్మలు రోకలే చేతికిస్తారు.

"అదెందుకు నాయనా, దంచు. నీవాళ్లు ఆకలితో ఉన్నారేమో!"