ధర్మసంరక్షకుడి పులుసు

ఒకానొక రాజ్యంలో, ఆ రాజ్యం ఇప్పుడు లేదు కాబట్టి దాని పేరుతో మనకు పని లేదు, ప్రతాపమార్తాండుడనే రాజు ఉండేవాడు. మనిషి స్వతహాగా దుర్మార్గుడేమీ కాదు. పొగిడితే మాత్రం ఒళ్ళు తెలిసేది కాదు. ఆయన బిరుదులన్నీ చదివేసరికి వందిమాగధుల గొంతులు ఆరిపోయేవి.

ఆయన కొలువులో సింగనభట్టు అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుగారి భోజనానికి ముందు రుచి చూడటం అతని ఉద్యోగం. ప్రతి పదార్థమూ కాస్త నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయింది, ప్రభూ" అని పైకి చెప్పాలి. ఆ మాట వినబడ్డాకే రాజు విస్తట్లో చెయ్యి పెట్టేవాడు.

ఆ రాజధానిలోనే దివ్వెవాళ్ళని కొందరుండేవారు. వాళ్ళకు విగ్రహం లేదు. పొద్దు వాలగానే గడప మీద ఒక మట్టి ప్రమిద వెలిగించేవారు. ఆ వెలుగు చూసి ఏ కులంవాడు వచ్చినా లోపలికి పిలిచి, తమ వరసలోనే కూర్చోబెట్టి, ఇంత అన్నం పెట్టేవారు. వాళ్ళ పూజ అంతే. ఒకరి జోలికి పోయేవారు కారు.

రాజగురువు విద్యాధరాచార్యులకు ఆ వరస కంట్లో నలుసైంది. అందరూ ఒకే వరసలో కూర్చోవడం మొదలుపెడితే తన పీట ఎత్తు ఏమైపోవాలని ఆయన బెంగ. పైకి మాత్రం అలా అనలేదు.

"ప్రభూ, వేలుపు లేని దీపం రాజ్యానికి అరిష్టం. తమవంటి ధర్మప్రభువుల ఏలుబడిలో ఇలాంటివి సాగుతున్నాయంటే పొరుగు రాజులు నవ్విపోతారు" అన్నాడు.

నవ్విపోతారన్న మాట రాజుకు గుచ్చుకుంది. అప్పటికప్పుడు ఆజ్ఞ వెళ్ళింది. బంట్లు వీధుల్లో పడి, వెలుగుతున్న ప్రమిదల్ని చెప్పుకాళ్ళతో తన్నేశారు. దివ్వెవాళ్ళు పండగలకు కలుసుకునే చావడికి తాళం పెట్టి, ఆ తాళంచెవి ఆచార్యులకు అప్పగించారు. అన్నం వండుకుని అతిథి కోసం చూస్తున్న ఆడవాళ్ళు గడపల్లో నూనె మరకలు చూసి నిలువునా కొయ్యబారిపోయారు. అరిచిన మనిషి లేదు. ఇలాంటిది జరుగుతుందని వాళ్ళు కలలో కూడా అనుకోలేదు.

దివ్వెవాళ్ళకు పెద్దదిక్కు నాగాంబ. గానుగనూనె అమ్ముకుని బతికే ముసలామె. అన్న పోతే ఆయన కొడుకు వీరన్నను తానే పెంచింది. వీరన్న పదాలు కట్టి పాడతాడు. ఆ సాయంత్రం ఇద్దరికీ వాదన పడింది.

"కోట గుమ్మం ముందు కూర్చుందాం. ఆరిన ప్రమిదలు ఒళ్ళో పెట్టుకుని ఊరకే కూర్చుందాం. రాజుకు కళ్ళున్నాయి కదా" అంది నాగాంబ.

"కళ్ళుంటే ఈ పని చేసేవాడా అత్తా? సభలో నిలబడి నువ్వు చేసింది తప్పని మొహం మీదే చెప్పాలి."

"చెబితే మీద పడతార్రా."

"చెప్పకపోతే నెత్తినెక్కుతారు."

తెల్లవారి నాగాంబ తనవాళ్ళతో వెళ్ళి కోట గుమ్మం ముందు కూర్చుంది. ఎండ కాసినా లేవలేదు. బంట్లు కసిరినా బదులు చెప్పలేదు. రోజూ వచ్చి అలాగే కూర్చునేవారు.

రాజు మేడ మీద నుంచి చూశాడు. "ఎవరు వాళ్ళు? ఏమడుగుతున్నారు?"

"ఏమీ అడగడం లేదు ప్రభూ" అన్నాడు ఆచార్యులు. "తమ ఆజ్ఞ ప్రకారం దీపాలు ఆర్పేశామని ప్రమిదలు తెచ్చి చూపించుకుంటున్నారు. నోరు తెరిచారా, చూడండి. ఎంత తృప్తిగా ఉన్నారో."

రాజు పొంగిపోయాడు. ఆచార్యులు అదే అదను చూసి ఒక కొత్త బిరుదు ప్రసాదించాడు. ధర్మసంరక్షకుడు.

ఆ బిరుదు సభలో మొదటిసారి చదివిన రోజునే వీరన్న సభకు వచ్చాడు. నమస్కారం చేసి, గొంతు పెంచకుండానే అన్నాడు.

"ప్రభూ, మా గడపలో దీపం ఆరితే తమ కోటలో వెలుగు పెరిగిందా? పొయ్యి దగ్గర ఆడవాళ్ళుండగా వాళ్ళ ప్రమిదలు కాళ్ళతో తన్నించారు. ఇది ధర్మాన్ని కాపాడటం కాదు. తప్పు. ఆ తప్పు తమరు చేశారు, చేయించినవారు తమ పక్కనే కూర్చున్నారు."

సభంతా నిర్ఘాంతపోయింది. వింజామర వీచేవాళ్ళు వీచడం మరిచిపోయారు. రాజు మొహం కందగడ్డ అయింది. ఆయనతో ఎవరైనా తప్పు అనే మాట అనడం అదే మొదలు.

"వీడి నాలుక కోయండి" అన్నాడు.

రేపు ప్రభువుల పుట్టినరోజు, నెత్తురు చిందకూడదని మంత్రి మనవి చేసుకున్నాడు. అయితే ఎల్లుండి కోయమన్నాడు రాజు. అంతటితో ఆగినా బాగుండేది. లేచి నిలబడి శాసనం కూడా చేశాడు.

"నా చేతి పనిలో తప్పు పట్టినవాడు రాజద్రోహి. వాడికి నాలుక ఉండదు. నోరు తెరవనివాడు తృప్తిగా ఉన్నట్టు లెక్క."

సింగనభట్టు చేతులు జోడించాడు. "ప్రభూ, ఈ శాసనం అందరికీనా? దివ్వెవాళ్ళకేనా?"

"అందరికీ. నీకూ, ఆచార్యులవారికీ కూడా."

"దివ్యమైన శాసనం" అన్నాడు ఆచార్యులు.

ఇంటికి పోతూ సింగనభట్టు కోట గుమ్మం దగ్గర ఆగాడు. నాగాంబకు అప్పుడే కబురు అందింది. చేతిలో ప్రమిద ఎప్పుడు జారిందో తెలియదు, పగిలిన పెంకులు ఏరి ఒళ్ళో పెట్టుకుంది.

"అయ్యా, వాడన్నదాంట్లో అబద్ధం ఏముంది?" అంది. "మేం నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టంటారు. వాడు నోరు విప్పితే కోస్తామంటారు. మరి మా బాధ ఆయనకు తెలిసే దారేదయ్యా? వాడికి ఆ పాట తప్ప ఇంకేం లేదు. నాలుక పోతే వాడు బతకడు."

ఎంతటివాడినైనా నవ్వించే సింగనభట్టు ఆ పెంకుల వైపు చూశాడు. "రేపు కూడా ఇక్కడే కూర్చోండమ్మా" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఆ కోట ఆచారం ఒకటి చెప్పాలి. పుట్టినరోజున రాజు స్వయంగా వంటశాలకు వచ్చి ముక్కల పులుసులో ఉప్పు వేస్తాడు. ఒక్కొక్క బిరుదు చదువుతుంటే ఒక్కొక్క చారెడు. తాతలనాడు బిరుదులు తక్కువ కనుక పులుసు పులుసులాగే ఉండేది. ప్రతాపమార్తాండుడి హయాంలో బిరుదులు పెరిగాయి, గుండిగ మాత్రం పాతదే. ఏటా రుచి చూసిన సింగనభట్టు వంటపెద్ద చెవిలో చిన్న మాట వేసేవాడు, ఆయన చప్పుడు కాకుండా నీళ్ళూ బెల్లమూ కలిపి సర్దేవాడు. తన చేతి మహిమేనని రాజు మురిసిపోయేవాడు.

ఆ ఏడూ రాజు వచ్చాడు. బిరుదులు మొదలయ్యాయి. చారెడు తర్వాత చారెడు పడుతోంది. చివర 'ధర్మసంరక్షక' అనగానే రాజుకు ఉత్సాహం ఆగలేదు. చారెడు సరిపోదని దోసిలితో వేశాడు.

రాజు వెళ్ళాక వంటపెద్ద పరుగున వచ్చాడు. "భట్టుగారూ, నీళ్ళు కలపనా?"

"కలిపితే ప్రభువుల చేతి పనిలో తప్పు పట్టినట్టే కదయ్యా. నీ నాలుకతో నీకు ఇంకా పనుందా?"

"ఉంది బాబూ."

"అయితే అలాగే వడ్డించు."

సామంతులు, పొరుగు రాజ్యాల దూతలు బారులు తీరి కూర్చున్నారు. ఆచారం ప్రకారం పులుసు మొదట సింగనభట్టు దొన్నెలో పడింది. అతను ఒక్క గుక్క తాగాడు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"చూశారా, ఆనందబాష్పాలు" అన్నాడు రాజు దూతలతో.

సింగనభట్టు దొన్నెను విస్తట్లో బోర్లించాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కోట గుమ్మం దగ్గర నాగాంబ ఎలా కూర్చుందో అలా కూర్చున్నాడు.

"ఉప్పు సరిపోయింది అనలేదేం?" అన్నాడు రాజు, కాస్త అనుమానంగా.

"నోరు తెరవలేదంటే తృప్తిగా ఉన్నాడనే కదా ప్రభూ. తమ శాసనమే" అని ఆచార్యులు నవ్వాడు.

రాజుకూ నిజమే అనిపించింది. తర్వాతి వంతు ఆచార్యులది. ఆయన పులుసు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు అలాగే బిగుసుకుపోయాడు. ఉమ్మడానికి లేదు, ఎదురుగా రాజు. మింగడానికి గొంతు ఒప్పుకోదు. ఎలాగో మింగి, మాట్లాడకుండా దొన్నెను వేలితో అవతలికి నెట్టాడు.

సింగనభట్టు అప్పుడు లేచాడు. "ప్రభూ, ఆచార్యులవారు నోరు తెరవలేదు. అంటే మహా తృప్తిగా ఉన్నారు. ఇంకో గరిటె వడ్డిస్తే సంతోషిస్తారు."

రాజు మురిసి, గరిటె అందుకుని తన చేత్తోనే వడ్డించాడు. రాజుగారి చేతి వడ్డనను కాదనడం ఎవరి తరం? ఆచార్యులు తిన్నాడు. చెమటలు పట్టాయి. తల అడ్డంగా ఊపాడు. ఆ రుచికి తల ఊగుతోందని రాజు ఇంకో గరిటె వేశాడు. ఆచార్యులు చేతులు జోడించాడు. భక్తికి మెచ్చి మరో గరిటె పడింది.

అక్కడితో ఆయన ఓర్పు అయిపోయింది. విస్తరి తోసేసి లేచి నిలబడ్డాడు.

"ఉప్పు ప్రభూ, ఉత్త ఉప్పు. ఇది మనుషులు తినేది కాదు. ఎవడు వేశాడిందులో ఇంత ఉప్పు?"

పంక్తి పంక్తంతా ఎక్కడి ముద్ద అక్కడే ఆగిపోయింది. సామంతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజుకు తను విన్నది నిజమో కాదో అర్థం కాలేదు. అన్నది ఆచార్యులు మరి, వీధి గాయకుడు కాదు.

"ప్రభూ" అన్నాడు సింగనభట్టు నెమ్మదిగా, "రేపు వీరన్న పక్కన ఇంకో మనిషిని కూడా నిలబెట్టాలి కాబోలు. తలారికి ముందే కబురు పంపిస్తే మంచిది."

ఆచార్యులు తెల్లబోయాడు. అప్పటికి గాని ఆయనకు తాను దివ్యమన్న శాసనం గుర్తు రాలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు.

"అబద్ధం. నా చేతి ఉప్పు ఎప్పుడూ ఎక్కువ కాలేదు" అంటూ రాజు గుండిగలోంచే ఒక గరిటె ముంచి నోట్లో పోసుకున్నాడు.

కళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళచెంబు ఎత్తి దించకుండా తాగాడు. అంతమంది చూస్తుండగా తన చేతి వంట తనకే మింగుడుపడకపోయేసరికి ఆయన దిమ్మెరపోయాడు.

"ఎందుకు చెప్పలేదు సింగనా?" అన్నాడు చివరికి. గొంతులో దర్పం లేదు.

"అభయమిస్తే చెబుతాను."

"ఇచ్చాను."

"చెప్పాను ప్రభూ. కళ్ళనీళ్ళతో చెప్పాను. దొన్నె బోర్లించి చెప్పాను. గుమ్మం దగ్గర నాగాంబ చెబుతున్నట్టే చెప్పాను. ఆనందబాష్పాలన్నారు. ఇక వీరన్నలా నోటితో చెబుదామంటే నాలుక పోతుందాయె. ఆచార్యులవారే రెండు దారులూ తొక్కి చూశారు. ఊరుకుంటే గరిటెలు పడ్డాయి, నోరు విప్పితే తలారి కనబడ్డాడు. ఇద్దరి మాటా తమ దాకా రానీయకుండా చేసుకున్నాక, ఆ ఉప్పు తమ నోటికే రాక ఎక్కడికి పోతుంది?"

రాజు తల దించుకున్నాడు.

"ఇంకొక్క మాట. ఏటా సర్దుకునే పులుసే ఇది. ఈ ఏడు ఒక దోసిలి అదనంగా పడింది. అది ఏ బిరుదుకు పడిందో ప్రభువులే గుర్తు తెచ్చుకోవాలి."

గుర్తొచ్చింది. రాజుకు మొదట సిగ్గు ముంచుకొచ్చింది. తలెత్తేసరికి ఎదురుగా ఆచార్యులు నీళ్ళకడవను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో వాటేసుకుని, తాగుతూ కనిపించాడు. ఎంత ఆపుకున్నా రాజుకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. దూతలూ నవ్వారు. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి సింగనభట్టు మెడలో వేశాడు.

"ఆ బిరుదు ఇక చదవొద్దు. వీరన్నను విడిచిపెట్టండి. చావడి తాళం ఆచార్యులవారే స్వయంగా తీసి, అక్కడ వరసలో కూర్చుని భోంచేసి రావాలి. ఉప్పు లేకుండా ఏమన్నా పెడతారేమో" అన్నాడు.

పొద్దు వాలుతుండగా రాజు సింగనభట్టును వెంటబెట్టుకుని తానే కోట గుమ్మం దగ్గరికి వచ్చాడు. దివ్వెవాళ్ళు లేచి నిలబడ్డారు. సంకెళ్ళు విప్పిన వీరన్న అత్త పక్కకు చేరాడు. ఇంత జరిగాక ఇక వీరన్న నోటి నుంచి ఏం మాటలు వస్తాయోనని అందరూ బిక్కుబిక్కుమంటూ చూశారు. వీరన్న ఏమీ అనలేదు. అత్త చేతిలోంచి ప్రమిద పెంకులు తీసుకుని నేల మీద కూర్చున్నాడు.

మాట్లాడింది నాగాంబ. ఇన్నాళ్ళూ పెదవి విప్పని మనిషి రాజు కళ్ళలోకి సూటిగా చూసింది.

"ప్రభూ, తమరు చేసింది తప్పు. తప్పని మీరు తెలుసుకోవడానికి పులుసు పాడవ్వాల్సి వచ్చింది. మా ఇళ్ళు పాడైనప్పుడు తెలియలేదు. ఇంకోసారి ఇలా చెయ్యొద్దు."

బంట్ల చేతులు కత్తుల మీదికి పోయాయి. రాజు మళ్ళీ అవాక్కయ్యాడు. పక్కకు తిరిగి సింగనభట్టు వైపు చూశాడు.

"ఉప్పు సరిపోయింది, ప్రభూ" అన్నాడు సింగనభట్టు.