ఉత్త క్లిక్కు

మద్దిలేటి ఇరవయ్యారు రోజుల్లో తొమ్మిది ఊళ్ళూ నాలుగు అడవులూ తిరిగి పదకొండు వేల ఫొటోలు తీశాడు. ఇరవయ్యేడో రోజున, వాటిలో ఒక్కటి కూడా పనికిరాదని తేలింది.

తేల్చింది ఢిల్లీలో పుస్తకాలు వేసే ఒకావిడ. నగరాలనూ అడవులనూ పక్కపక్కన పెట్టి ఒక పెద్ద ఫొటోల పుస్తకం వేస్తానని ఆ పని మద్దిలేటికి ఇచ్చింది కూడా ఆవిడే. అతని పేరుతో అచ్చయ్యే మొదటి పుస్తకం అది. ముప్పై ఐదేళ్ళు వచ్చినా పెళ్ళిళ్ళకూ హోటళ్ళ కరపత్రాలకూ ఫొటోలు తీస్తూ నెట్టుకొస్తున్నవాడికి అది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు. అందుకే కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరిగాడు. కోల్‌కతాలో పొద్దున పూలబజారు, మధ్యాహ్నం ట్రాములు, మర్నాటికల్లా సుందర్బన్ మడ అడవులు. కాశీకి ఒకటిన్నర రోజు, ముంబైకి ఒక్కరోజు. కచ్ ఎడారిలో ఒక పొద్దు పొడుపు, ఒక పొద్దు గుంకు. తిండి బస్టాండుల్లో, నిద్ర రైళ్ళలో.

ఆవిడ ఫోనులో మర్యాదగానే మాట్లాడింది.

"ఫొటోలన్నీ శుభ్రంగా ఉన్నాయి. వెలుగు బాగుంది. కానీ వీటిలో ఎవరూ వాళ్ళింట్లో వాళ్ళు ఉన్నట్టు లేరు. ఎందుకో నేను చెప్పలేను. నాలుగు రోజుల్లో అట్ట మీదికి ఒక్క ఫొటో పంపండి. అది కూడా కుదరకపోతే ఈ పుస్తకం ఇంకెవరికైనా ఇస్తాను."

ఎందుకో ఆవిడే చెప్పలేకపోతే తనేం కనిపెట్టగలడు? మద్దిలేటి కళ్ళు మంటపుట్టేదాకా ఫొటోలు తిరగేశాడు. తప్పు దొరకలేదు. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు, దొరకని తప్పుతో ఏం చెయ్యాలి? నిజంగా భయమేసింది. దిక్కు తోచక నందికొట్కూరు బస్సెక్కాడు.

బస్టాండు వెనక సందులో నూర్ స్టూడియో ఉంది. దానికి యజమానీ పనివాడూ కూడా దస్తగిరి సాబే. డెబ్భై దాటాయి. ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోలకు చిన్న డిజిటల్ కెమెరా వాడుతున్నాడు గానీ, మూడుకాళ్ళ మీద నిలబడే పాత చెక్క కెమెరాను మాత్రం నల్లగుడ్డ కప్పి కొత్త పెళ్ళికూతురిలాగా చూసుకుంటాడు. పద్దెనిమిదో ఏట చేరి మద్దిలేటి మూడేళ్ళపాటు ఆ కెమెరా పక్కన నిలబడే పని నేర్చుకున్నాడు.

దస్తగిరి సాబ్ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

"రారా మద్దిలేటీ. ఏమి ఇట్ల చిక్కినావు? తిన్నావా?"

"తిన్నా ఉస్తాద్," అని అబద్ధమాడి మద్దిలేటి కంప్యూటరు తెరిచాడు. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ అన్న మాట కూడా పొల్లుపోకుండా చెప్పాడు.

ముసలాయన కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో ఫొటో దగ్గరా ఆగుతూ చూశాడు. పూలమ్మే మనిషి. పడవ నడిపేవాడు. ట్రాములో కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ. నల్లమలలో తల ఎత్తి చూస్తున్న దుప్పి. గుప్పెడు కాయలు ఒలిచేంతసేపు చూశాడు.

"బాగుండాయి," అన్నాడు.

"అంతేనా ఉస్తాద్?"

"ఈ ఊళ్ళల్లో ఎన్నొద్దులు ఉండినావు?"

"పొద్దున దిగితే సాయంత్రానికి ఇంకో బండి. తిరగాల్సినవి చాలా ఉన్నాయి కదా."

దస్తగిరి సాబ్ ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచాడు.

"మొగం కడుక్కునిరా పో. నీకొక ఫొటో తీస్తా."

మద్దిలేటికి ఒళ్ళు మండింది. ఇల్లు కాలుతుంటే ఈయనకి ఫొటో సరదా ఏమిటి? అయినా గురువు మాట కాదనే అలవాటు లేదు. మొహం కడుక్కుని, గోడకున్న అద్దంలో తల దువ్వుకుని స్టూలు మీద కూర్చున్నాడు. చిత్రమేమిటంటే, లక్షల ఫొటోలు తీసినవాడికి ఆ స్టూలు మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ళ మీద పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

ముసలాయన నల్లగుడ్డలో తలదూర్చి సర్దుకుని బయటికి వచ్చాడు.

"గెడ్డం రవ్వంత పైకి. ఆఁ. కదలాకు."

మద్దిలేటి ఊపిరి బిగబట్టాడు. మెడ నరాలు లాగాయి. కెమెరా టక్కుమంది.

హమ్మయ్యా అని ఊపిరి వదిలేశాడు. భుజాలు కిందికి జారాయి. "అయిపోయిందా ఉస్తాద్?" అంటూ పైకి చూస్తే, దస్తగిరి సాబ్ ఏమీ ఎరగనట్టు కెమెరా వెనక అప్పుడు ఫిల్ము పెడుతున్నాడు.

మద్దిలేటికి నవ్వాగలేదు. నూర్ స్టూడియోలో మొదటి క్లిక్కు ఎప్పుడూ ఉత్తదే. లోపల ఫిల్ము ఉండదు. ఆ సంగతి వచ్చినవాళ్ళకు చెప్పరు. ఎవరూ చెప్పకపోయినా మద్దిలేటికి తెలుసు, మూడేళ్ళు తన చేత్తోనే ఆ ఫిల్ము అందించాడు. తెలిసి తెలిసీ ఇవాళ వరసలో నిలబడ్డ పల్లెటూరి పెళ్ళికొడుకులాగా బోల్తాపడ్డాడు. తనమీద తనకే నవ్వొచ్చి పగలబడి నవ్వుతుంటే కెమెరా రెండోసారి టక్కుమంది.

"అయిపోయింది. లెయ్," అన్నాడు దస్తగిరి సాబ్.

తర్వాత సొరుగు లాగి చాలాసేపు వెతికి, అట్టముక్కకు అంటించిన ఒక పాత ఫొటో తీసి కంప్యూటరు పక్కన పెట్టాడు. పెట్టి, మళ్ళీ తన వేరుశనక్కాయల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కొత్త దంపతుల ఫొటో అది. మద్దిలేటి గుర్తుపట్టాడు. పనిలో చేరిన కొత్తలో, ఉస్తాద్ ఫిల్ము పెట్టడం మర్చిపోయాడనుకుని, గొప్ప సాయం చేస్తున్నట్టు మొదటి క్లిక్కుకే తను ఫిల్ము పెట్టేశాడు. ఆ ఇద్దరూ మేకులు మింగినట్టు బిగుసుకుపోయి ఉన్నారు. కళ్ళు ఇంతింత. ఊరికి పరాయివాడెవడో వచ్చాడు, వాడు పోయేదాకా కదలకూడదు అన్నట్టు చూస్తున్నారు. అట్టముక్క వెనక గురువు చేతిరాత: "మద్దిలేటి తీసినది."

ఫొటో మీంచి చూపు తీసి తెర మీద పెట్టాడు. పూలమ్మే మనిషి కళ్ళు చూశాడు. పడవవాడి కళ్ళు. ముసలమ్మ కళ్ళు. ఆఖరికి దుప్పి కళ్ళు కూడా.

సందులో ఎవరో బండి మీద ఉల్లిగడ్డలు అమ్ముకుంటూ పోయారు.

"ఉస్తాద్, ఇక్కణ్ణుంచి రోళ్ళపాడుకు మొదటి బస్సు ఎన్నింటికి?" అన్నాడు మద్దిలేటి.

"ఆరున్నరకు. సద్ది కట్టించుకో."

రోళ్ళపాడు గడ్డిబీళ్ళలో కృష్ణజింకలుంటాయి. మర్నాడు ఎండ ఎక్కకముందే మద్దిలేటి అక్కడ ఉన్నాడు. తోడుగా వచ్చిన అటవీశాఖ వాచర్ ఈరన్న దూరంగా మేస్తున్న మందను చూపించి, "గమ్మున కూచోండి సార్, బెదిరితే మల్ల దొరకవు," అన్నాడు.

మద్దిలేటి కూర్చుని కెమెరా మందవైపు తిప్పి నొక్కాడు. ఆ చప్పుడుకు జింకలన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. కాసేపాగి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎత్తాయి.

ఐదారుసార్లు చూసి ఈరన్న ఇక ఉండబట్టలేకపోయాడు.

"సార్, ఏమనుకోవద్దు. మూత తీయడం మరిసిపోయినారు."

"తెలుసన్నా."

"తెలిసేనా?"

"ఊఁ."

ఈరన్న రవ్వంత ఎడంగా జరిగి కూర్చున్నాడు. ఎండలో వచ్చిన పట్నంవాళ్ళను చాలామందిని చూశాడు, ఇంత త్వరగా తల తిరిగినవాణ్ణి మాత్రం చూడలేదు.

మద్దిలేటి నొక్కుతూనే ఉన్నాడు. మధ్యలో ఈరన్నను ఊరూ పేరూ అడిగాడు. ఇద్దరు కూతుళ్ళట. చిన్నదానికి లెక్కలు బాగా వస్తాయట. మాటల్లో ఈరన్న మళ్ళీ దగ్గరికి జరిగాడు. మధ్యాహ్నం కావొస్తుండగా మద్దిలేటి ఒకసారి నొక్కితే, ఆ చప్పుడుకు ఒక్క జింక కూడా తల ఎత్తలేదు. మేస్తూ మేస్తూ మంద చాలా దగ్గరికి వచ్చేసింది. ఒక పిల్ల తల్లి కింద దూరి పాలు తాగుతోంది. ఈరన్న సద్ది మూట విప్పుకుని, జొన్నరొట్టెలో ఊరిమిండి పచ్చడి పెట్టుకుని, వీపు మందకు తిప్పి, కూతురి సంగతి ఏదో చెబుతూ తనలో తనే నవ్వుకుంటున్నాడు.

మద్దిలేటి నెమ్మదిగా మూత తీశాడు.

మూడోనాడు మళ్ళీ నూర్ స్టూడియోకు వచ్చాడు. ఢిల్లీ నుంచి అప్పటికే జవాబు వచ్చేసింది. అట్ట దొరికిందనీ, మిగతా పుస్తకం కూడా ఇలాగే కావాలనీ, ఇంకో మూడు నెలలు గడువిస్తాననీ ఆవిడ రాసింది. ఈసారి ఎక్కడెక్కడ తిరుగుతారని అడిగితే, తిరగడం కాదు మేడమ్, మూడు చోట్ల ఉంటానని మద్దిలేటి జవాబిచ్చాడు.

గోడమీద వరసగా తగిలించిన పెళ్ళిజంటల పక్కన అతని ఫొటో కొత్తగా వేలాడుతోంది, నోరంతా తెరిచి నవ్వుతూ.

దస్తగిరి సాబ్ రోళ్ళపాడు ఫొటోను వెలుగులోకి పట్టుకుని చూశాడు. రొట్టె తింటున్న ఈరన్నను చూశాడు. వెనక మేస్తున్న మందను చూశాడు. మొన్నటిలాగా బాగుందని అనలేదు.

"దీనికి ముందు ఉత్తవి ఎన్ని నొక్కినావు?"

"పొద్దున్నించీ అవే ఉస్తాద్. లెక్కపెట్టలేదు."

ముసలాయన ఒలిచిన గింజలు అతని చేతిలో పోశాడు.

"అట్లయితే ఈ నెలలో ఒగనాడు పని చేసినావు," అన్నాడు.