లేపుడుబండ మల్లన్న పట్నం

లేపుడుబండ మల్లన్నది పెద్ద గుడేం కాదు. ఊరు దాటి చెలకల్లకు పోతే సాప పరిచినట్టు ఒక నల్లబండ ఉంటది, దాని మీద రేకుల షెడ్డు. లోపల విగ్రహం లేదు. కొత్తగ వచ్చినోళ్ళు దేవుడేడి అని అటు ఇటు చూస్తరు. దేవుడు ఆదివారం వస్తడు, మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారి పట్నం వేసినంక.

పట్నం అంటే వాకిట్ల ముగ్గు అనుకోవద్దు. ముగ్గు ఇంటికి, పట్నం దేవునికి. బియ్యప్పిండి తెలుపు, పసుపు, కుంకుమ, ఎండిన ఆకు నూరిన పచ్చ, కాల్చిన పొట్టు నలుపు. నడిమిట్ల నుంచి మొదలువెట్టి బయటికి వేసుకుంట వస్తరు. నడుమ మల్లన్న గద్దె, గద్దె చుట్టు గళ్ళు, గళ్ళ చుట్టు కోట, కోటకు నాలుగు దిక్కుల దర్వాజలు. వేసేటాయన మాట్లాడడు. పిండి వేళ్ళ సందుల నుంచి జారుతుంటే మనసు గూడ అండ్లకే దిగుతది. చూసేటోళ్ళకు సుత అంతే. ఇంట్ల కొట్లాడి వచ్చినోళ్ళు గూడ ఆ గీత ఎంబడి చూపు పోనిచ్చి, తిరిగి తిరిగి గద్దె కాడికి వచ్చేసరికి గమ్మున కూసుంటరు. జపం రానోళ్ళకు అదే జపం.

పూర్వం ఇక్కడ ఈ బండకు పేరు లేకుండె. ఊర్ల ఓదేలు అని ఒగ్గు పూజారి ఉండె. ఆయన భార్య సాయవ్వ. రంగులు నూరుడు, జల్లెడ పట్టుడు అంత ఆమె పనే. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, మేడవ్వ. ఆ పిల్లకు జరమొచ్చి, జరం పోయినంక కాళ్ళు పడిపోయినయి. మంచంల ఎట్ల పండవెడితే అట్లనే. బిడ్డ లేస్తే బండ మీద పెద్దపట్నం వేస్త అని ఓదేలు మల్లన్నకు మొక్కిండు. కొన్నాళ్ళకు పిల్ల లేచి గోడకు ఒరిగి కూసున్నది. కూసున్నది గదా, నిలవడ్తది గూడ అని సాయవ్వకు పానం లేచొచ్చింది. రాత్రిపగలు రంగులు నూరింది.

ఓదేలు పట్నం వేసిండు. అసుంటి పట్నం అంతకుముందు ఎవ్వలు చూడలే. గీత ఎక్కడ తెగలే, రంగు మీద రంగు పడలే. మనిషి వేసినట్టు లేదు, బండల నుంచే పుట్టినట్టున్నది. సాయవ్వ జల్లెడ చేతుల పట్టుకొని అట్లనే నిలవడ్డది.

పట్నం వేసి, కథ చెప్పి, ఆఖరికి వేసినాయననే దాన్ని తొక్కాలె. అది రివాజు. తొక్కితేనే వచ్చిన దేవుడు లేచి పోతడు. ఓదేలుకు కాలు రాలే. రేపు తొక్కుత అన్నడు. తెల్లారి పక్కూరోళ్ళు చూస్తమన్నరు. మాపటికి ఇంకో ఊరోళ్ళు. మీద పందిరి వేయించిండు, చుట్టు కంప కొట్టిచ్చిండు. చీమలు పిండి మోసుకపోతుంటే వాటిని అదిలించుకుంట, చెదిరిన కాడ మళ్ళ గీత దిద్దుకుంట, గొంగడి కప్పుకొని అక్కడనే ఉన్నడు. ఇంటికి బువ్వకు గూడ రాలే.

కురుమ పెద్ద ఐలయ్యకు ఇది మింగుడు పడలే. ఈ పట్నం తొక్కంది ఊర్ల ఇంకో పట్నం వేయొద్దు, పట్నం వేయంది ఎవ్వల ఇంట్ల లగ్గం అయ్యేటట్టు లేదు. ఆయన కంప అవతలి నుంచే అడిగిండు: "ఓదేలూ, మల్లన్నను పిలిచినవా, కట్టేసినవా?"

ఓదేలు ఇంకో చీమను అదిలించిండు.

ఇంటి కాడ మేడవ్వ కూసున్నకాడనే కూసున్నది. పండుకుంటలేదు, నిలవడ్తలేదు. కాళ్ళు సన్నవడి పుల్లలైతున్నయి. సాయవ్వ రోజు సంకల చేతులు పెట్టి లేపి చూస్తది, పిల్ల వంగి మళ్ళ కూలవడ్తది.

ఒక పగటీలి సాయవ్వ ఇసుర్రాయి పక్కన కన్నంటుకుంది. కలల ఒక గొల్లాయన కనవడ్డడు. భుజం మీద గొంగడి, బాసింపట్టు వేసుకొని మోకాళ్ళు రుద్దుకుంటున్నడు. "కాళ్ళు మొద్దువారినయి బిడ్డా," అన్నడు. "నన్ను కూసోవెట్టిండ్రు, లేవనిస్తలేరు. నేను లేవంది నీ పిల్ల ఎట్ల లేస్తది?"

సాయవ్వ లేచి పోయి ఓదేలుకు చెప్పింది. ఆయన నవ్విండు. దినాం పూజ చేసేటోని కలలకు రాని దేవుడు పిండి ఇసిరేదాని కలలకు వచ్చిండా అన్నడు. నువ్వు చీమలు కొట్టుకుంట నిద్రనే పోతలేవు, నీ కలలకు ఎట్ల వస్తడు అన్నది సాయవ్వ. ఇంటికి పోయి మేడవ్వను సంకల ఎత్తుకున్నది. కంప జరిపి, తూర్పు దర్వాజల నుంచి పట్నంల అడుగువెట్టి, గీతలన్ని దాటి, పిల్లను తెచ్చి గద్దె మీద కూసోవెట్టింది. మళ్ళ తన అడుగులల్లనే అడుగులేసుకుంట బయటికొచ్చి నిలవడ్డది.

ఓదేలు ఉరికొచ్చి అంచు కాడ ఆగిండు. పిల్లను తేవాల్నంటే తొక్కాలె. తొక్కకుంట పోయే తొవ్వ లేదు. సాయవ్వ అడుగులల్లనే పోయొస్తే ఆ కాసింత మళ్ళ దిద్దుకోవచ్చు, అది ఆయనకు గూడ తట్టింది. కళ్ళు అక్కడికే పోతున్నయి.

"పిల్ల నాయినా," అన్నది సాయవ్వ, "అది నీ పట్నమే, ఇది నీ బిడ్డనే. ఏది కావాల్నో తెచ్చుకో."

గద్దె మీద నుంచి మేడవ్వ చేతులు చాపింది. "నాయినా, ఎత్తుకో" అన్నది.

ఓదేలు కాలు వెట్టిండు. మొదటి అడుగుకు కన్నీళ్ళు వచ్చినయి. రెండో అడుగుకు పసుపుల కుంకుమ కలిసింది. గద్దె దగ్గరవడేసరికి ఆయనకు శిగం వచ్చింది, దేవుడు మీదికొచ్చిండు. కోట, గళ్ళు, దర్వాజలు ఏమున్నయో ఏం లేవో తెల్వకుండ తొక్కిండు. రంగులన్ని దుమ్మై లేచి మోకాళ్ళ దాక పట్టినయి. ఆ దుమ్ముల మేడవ్వ నాయిన గొంగడి కొస పట్టుకొని లేచింది. కాళ్ళు వణుకుతున్నయి. సాయవ్వ పట్టుకోవడానికి పోలే, ఉన్నకాడనే నిలవడి చూసింది. పిల్ల నిలవడ్డది.

అప్పటి సంది ఇది లేపుడుబండ అయింది. ఇప్పటికి గూడ ఇక్కడ పట్నం పూర్తికాంగనే, మంచం పట్టినోళ్ళను, మాట పడిపోయినోళ్ళను, చచ్చినోళ్ళను తలుసుకుంట ఇంట్ల మూలకు కూసున్నోళ్ళను తెచ్చి గద్దె మీద కూసోవెడతరు. పట్నం వేసిన పూజారే లోపలికి నడిచి వాళ్ళను చెయ్యివట్టి లేపి తోలుకొస్తడు. కలిసిన రంగుల దుమ్మే ఇక్కడ బండారి, మల్లన్న ప్రసాదం, నొసలుకు పెట్టుకుంటే మేలైతది. ఇంత మంచి పట్నం, ఒక్క పూట ఉంచరాదా అని అడిగేటోళ్ళు ఎప్పుడు ఉంటరు. పూజారి మాత్రం పట్నం ఎంత మంచిగ కుదిరితే అంత గట్టిగ తొక్కుతడు.