గుడ్డ ఉన్నచోట గుడ్డు

పిట్టల కోసమని హద్దురాళ్ళు పాతి వదిలేసిన గడ్డిబీడు అది. మోకాటెత్తు గడ్డి, అక్కడక్కడా రేగుపొదలు. ఆ గడ్డిలో ఒక బట్టమేక పిట్ట గుడ్డు పెట్టింది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జాతి, అదీ కటిక నేల మీద. ఆ చుట్టుపక్కల ఆ జాతికి మిగిలిన తల్లి ఈమె ఒక్కతే. ఆ గుడ్డు పోయిందా, ఇక అంతే సంగతులు.

బీడుకు కాపలా ఉండే ఓబులమ్మ మంచి మనిషి. గొర్రెలు తొక్కుతాయేమోనని, నేల మీద గూడు కనబడ్డ ప్రతిచోటా పుల్ల నాటి ఎర్ర గుడ్డపీలిక కట్టేది. మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అన్నారా! ఆ గుడ్డ గొర్రెల కంటే ముందు నక్క కంట పడింది.

తీతువు పిట్ట గుడ్లు అలాగే పోయాయి. పాపం, అరిచి అరిచి దాని గొంతు బొంగురు పోయింది. ఆ గొంతుతోనే బట్టమేక దగ్గరికొచ్చింది.

"అక్కా, నీ పక్కన కూడా గుడ్డ కట్టిపోయింది, చూసినావా?"

"చూసినానమ్మా. ఎంత ప్రేమో ఆ తల్లికి!"

"ప్రేమే. కానీ ఆ నక్క ఏం పాడుకుంటాందో విన్నావా? 'గుడ్డ ఉన్నచోట గుడ్డు' అంట! ఆ పాట పాడుకుంటూనే నాకు కడుపుకోత పెట్టింది."

బట్టమేక గుడ్డు మీద రెక్క కప్పింది. "గుడ్డును మోసుకుపోలేను. గుడ్డ పీకేస్తే గొర్రెలు తొక్కేస్తాయి. ఏం చేసేదే చెల్లీ?"

అటుగా మేస్తున్న ముసలి గొర్రె తలెత్తింది. "మా మందకు ముందు నడిచేది నేనే. నేను పక్కకు తిరిగితే అందరూ తిరుగుతారు. గొర్రెదాటు అని లోకమంతా నవ్వుతుంది గానీ, ఈ పూటకు అదే మేలు. పీకెయ్ పిల్లా!"

తీతువు పీలికను ముక్కున కరుచుకుని, రేగుపొద కింద ముళ్ళపంది బొరియ దగ్గర వాలింది.

"మామా, నీ గుమ్మానికి తోరణం కట్టనా?"

"కట్టుకో. నన్ను మాత్రం లేపొద్దు," అంది లోపల్నుంచి నిద్రగొంతు.

"నేను లేపను. లేపేవాడు వస్తాడులే."

పొద్దెక్కాక నక్క పాడుకుంటూ వచ్చింది. పొద కింద ఎర్ర గుడ్డ! "ఓహో, ఈసారి బొరియలో దాచిందే!" అంటూ మూతి లోపలికి దూర్చింది. బీడు దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టి వెనక్కొచ్చింది. మూతినిండా ముళ్ళే.

"మామా, నీ కాళ్ళు పట్టుకుంటా, పీకు మామా!"

"పాడుకుంటూ వచ్చినావు కదా అల్లుడూ, పాడుకుంటూనే పో," అని ముళ్ళపంది అటు తిరిగి పడుకుంది.

కేక విని ఓబులమ్మ పరుగెత్తుకొచ్చింది. మూతి నేలకేసి రాసుకుంటూ పోతున్న నక్కను చూసింది. బొరియ ముందు తన గుడ్డనూ చూసింది.

"అయ్యో నా తల్లీ, నా చేతులారా నేనే దారి చూపించానే!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి, బీడంతా తిరిగి పీలికలన్నీ విప్పేసి కొంగున ముడేసుకుంది. గొర్రెల కాపరులకు ఇక నోటితోనే చెప్పుకుంది.

ఒక పొద్దున దూరంగా గట్టు మీద నిలబడి చూస్తే, గడ్డిలో తల్లి వెనకాల చిన్న తల ఒకటి ఊగుతూ కనబడింది. ఓబులమ్మకు పరుగున వెళ్ళి చూడాలనిపించింది. వెళ్ళలేదు. గట్టు మీదనుంచే కళ్ళు తుడుచుకుని ఇంటిదారి పట్టింది.

తీతువు కూస్తే కీడని అంటారు జనం. ఆ పొద్దున మాత్రం అది సంబరం పట్టలేక, "నేను పిన్నమ్మనయ్యానోచ్!" అని బీడంతా వినబడేలా కూసింది.

బట్టమేక బిడ్డను రెక్క కిందికి లాక్కుని గుసగుసలాడింది: "మెల్లగానే చెల్లీ! ఇప్పుడు నువ్వు కట్టకు గుడ్డ!"

కాపాడుకోవాల్సినదాని మీద కన్నేసి ఉంచాలి గానీ, జెండా పాతకూడదు.