కంబళి విప్పిన చోటల్లా

అచ్యుతావధాని గారిని ప్రశ్న అడిగినవాడికి ముందు పని దొరికేది. జవాబు ఆ పని చేస్తూ ఉండగా దానంతటది రావలసిందే. అందుకే మాలో బద్ధకస్తులు ఆయన్ని ఏమీ అడిగేవాళ్ళు కాదు. నేను ఆ బద్ధకస్తులలో ఒకణ్ణి.

కూర్మారావు అలా కాదు. శిష్యులందరిలో పెద్దవాడు, వైద్యాశ్రమానికి ఏది వచ్చినా తన చేతి మీదుగానే లోపలికి పోవాలన్న పట్టుదల గలవాడు. ఒక వేసవిలో గురువుగారు మందులు ఆరబోస్తుండగా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"గురువుగారూ, ఒక మనిషిని ఎంతవరకు అనుమానించవచ్చు?"

"ఏ మనిషిని?"

"ఎవరినైనా."

"ఎవరినైనా అంటే నాకు తెలియదు నాయనా. పేరు చెప్పు."

"పైడమ్మని" అన్నాడు కూర్మారావు.

పైడమ్మ రేవులో ఉండే మనిషి. మొగుణ్ణి సముద్రం మింగేసింది. ఆ ఏడు ఎండలు మండిపోయి, వడదెబ్బ తిన్నవాళ్ళతో మా ఆశ్రమం వరండా నిండిపోయింది. వాళ్ళ నెత్తిన పెట్టడానికి రోజూ ఐసు కావాలి. రేవులో చేపల కోసం పెట్టిన ఐసు ఫ్యాక్టరీ నుంచి పది కిలోల గడ్డను బుట్టలో ఊక మధ్య పెట్టి, పైన కంబళి చుట్టి, పైడమ్మ మూడు మైళ్ళు నెత్తిన మోసుకొచ్చేది. ఆమె బతుకు ఆ పని మీదే నడుస్తోంది.

మొదట్లో గడ్డ తొమ్మిది కిలోలు తూగేది. ఎండాకాలం, ఆ మాత్రం కరగదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు కూర్మారావుకి ఆ కిలో మీద కన్ను పడింది. పాక హోటళ్ళలో సోడాలకి ఐసు ముక్కలు వేస్తున్నారట, ఆ ముక్కలు ఎక్కడినుంచి వస్తున్నట్టు? అడగడమే ఆలస్యం, ఆశ్రమంలో అందరికీ అదే అనుమానం వచ్చింది. నాకూ వచ్చింది. నిన్నటిదాకా పైడమ్మ నవ్వుతూ పలకరిస్తే మంచి మనిషి అనుకున్నవాణ్ణి, ఆ రోజు నుంచి ఎందుకంత నవ్వుతోందా అనుకున్నాను. అనుమానం పట్టిన మనిషికి ఎదుటివాళ్ళ మంచితనం కూడా సాక్ష్యంలాగే కనబడుతుంది.

కూర్మారావు తనిఖీలు పెట్టాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకటి, రైలు గేటు దగ్గర ఒకటి, పాక హోటలు ముందు ఒకటి, మా కొండ మెట్ల దగ్గర ఒకటి. నాలుగు చోట్లా మాలో ఒక్కొక్కరు నిలబడాలి. పైడమ్మ బుట్ట దింపాలి, కంబళి విప్పాలి, ఊక తుడవాలి, మేం గడ్డ చుట్టూ చేత్తో తడిమి ఎక్కడైనా పగలగొట్టిన గుర్తుందేమో చూడాలి. మెట్ల దగ్గర కాపలా నాది. ఆ ఎండలో చల్లటి ఐసు మీద చేయి వేస్తే హాయిగా ఉండేది. అవసరమైనదానికంటే ఎక్కువసేపే తడిమానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆ రోజు గడ్డ ఎనిమిది కిలోలకు దిగింది.

"చూశారా! కాపలా పెట్టేసరికి మొండికేసి ఇంకా ఎక్కువ తీస్తోంది" అన్నాడు కూర్మారావు. మర్నాడు ఫ్యాక్టరీ దగ్గరే గడ్డ మీద ఉలితో గీత గీయించాడు. ఆశ్రమానికి వచ్చేసరికి గీత లేదు. గీత ఉన్న వైపే పగలగొట్టిందని తేల్చేశాడు. ఇక ఆయన కోపం కంబళి మీదికి పోయింది. "చలేస్తే మనం కప్పుకునేది ఇది. దీన్ని ఐసుకి కప్పుతారా ఎవరైనా? దొంగతనం దాచడానికి కాకపోతే!" అని కంబళి మాన్పించి పల్చటి పంచె ఇచ్చాడు. ఆ పూట గడ్డ ఏడు కిలోలే తూగింది. వరండాలో ఆఖరి మంచం మీద ఉన్న ముసలాయనకి సాయంత్రానికి ఐసు చాలలేదు. ఆయన మూలుగుతుంటే మేమంతా పైడమ్మని తిట్టుకున్నాం.

ఆమెని నిలదీశారు. పైడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "నాకాడ సుత్తీ లేదు, ఉలీ లేదు. పళ్ళతో కొరికీసేనేటి బాబూ? సూసినోల్లు సూత్తానే ఉన్నారు, ఐసు పోతానే ఉంది. నన్నడిగితే నానేటి సెప్పీది?" అంది. ఆ మాటలో న్యాయం ఉందని మాలో ఒక్కడికీ తట్టలేదు. తెలివైన దొంగ ఇలాగే మాట్లాడుతుందనుకున్నాం.

ఇదంతా విని అవధాని గారు మందుల చాప మడిచారు.

"రేపు రెండు గడ్డలు తెప్పిద్దాం. ఒకటి పైడమ్మ తెస్తుంది, తన కంబళితో, తన ఊకతో. దారిలో ఎవరూ ఆపకూడదు. రెండోది నువ్వు మోసుకురా కూర్మారావూ. నీ పంచె నీకు, నీ తనిఖీలన్నీ నీకు."

కూర్మారావు సంతోషంగా ఒప్పుకున్నాడు. దొంగ ఎవరో తేలిపోతుందని ఆయన ధీమా.

మర్నాడు ఇద్దరూ ఒకేసారి బయలుదేరారు. పైడమ్మ నన్ను దాటి మెట్లెక్కి వెళ్ళిపోయిన చాలాసేపటికి కూర్మారావు వచ్చాడు. తనిఖీలు పెట్టినవాడు తన విషయంలో సడలిస్తే పరువేముంటుంది? మూడు చోట్లా నిక్కచ్చిగా బుట్ట విప్పించుకుని, గడ్డని అటూ ఇటూ తిప్పించి మరీ చూపించాడట. నా దగ్గరా అంతే. నేను తడిమాను. గడ్డ ఇంతేనా అనిపించింది. తలెత్తి చూస్తే ఆయన కండువా తడిసి ఉంది, మూతి కూడా తడిగా ఉంది. చెమటే అయి ఉంటుంది. కానీ నా చూపు ఆ మూతి మీద ఒక్క క్షణం ఆగింది. కూర్మారావు ఆ చూపుని పసిగట్టాడు.

"ఏమిట్రా అలా చూస్తున్నావు? నేను తిన్నాననా?" అని అరిచాడు.

నేను చూపు తిప్పుకున్నాను. ఇరవై ఏళ్ళుగా అన్నలాగా చూసుకున్న మనిషిని ఐసు ముక్క కోసం అనుమానించాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

తూకం వేశారు. పైడమ్మ గడ్డ తొమ్మిది కిలోలు. కూర్మారావుది ఆరున్నర. కూర్మారావు ఆ తక్కెడ వంక చూస్తూ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"దొంగ దొరికాడా?" అని అడిగారు గురువుగారు.

ఆయనే లేచి పైడమ్మ బుట్ట దగ్గరికి వచ్చారు.

"విప్పిన చోటల్లా ఎండ లోపలికి పోయింది. తడిమిన చోటల్లా మీ ఒంటి వేడి దానికిచ్చారు. చేతికి చల్లగా ఉందని మురిశారే, ఆ చల్లదనం అంటే మీ వేడి దానిలోకి పోవడమే. పోయిన ఐసు నీళ్ళయి బుట్ట అడుగునుంచి దారి పొడుగునా కారుతూనే ఉంది. అందరూ పైకే చూశారు." తర్వాత కంబళి అంచు పట్టుకుని చూపించారు. "దీనికి సొంత వేడి లేదు. చలిలో నీ వేడి బయటికి పోకుండా అడ్డం పడుతుంది. ఎండలో బయటి వేడి ఐసు దగ్గరికి రాకుండా అడ్డం పడుతుంది. దీనికి నీ మీదా పక్షపాతం లేదు, ఐసు మీదా లేదు."

తనిఖీలు ఆ క్షణమే ఎత్తేశారు. కూర్మారావు మంచివాడు, నాలాగా చాటుగా సిగ్గుపడి ఊరుకోలేదు. అందరి ముందూ పైడమ్మకి చేతులు జోడించి, "తప్పయిపోయింది తల్లీ" అన్నాడు. ఆమె తల ఊపి, ఖాళీ బుట్ట తీసుకుని వెళ్ళింది.

మర్నాడు పైడమ్మ వచ్చింది. నేరుగా లోపలికి తీసుకెళ్ళలేదు. వాకిట్లో, మిట్టమధ్యాహ్నపు ఎండలో బుట్ట దింపింది. తనే కంబళి విప్పింది, తనే ఊక తుడిచింది. పక్కకి జరిగి చేతులు కట్టుకుని నిలబడింది.

"సూసుకోండి బాబూ."

"వద్దు పైడమ్మా, కప్పెయ్యి. లోపలికి తీసుకుపో" అన్నాడు కూర్మారావు కంగారుగా.

"సూసినాకే ఒట్టుకెల్తాను. అన్ని పక్కలా సూడండి."

కూర్మారావు చూసి తీరవలసి వచ్చింది. ఆయన చూస్తున్నంతసేపూ గడ్డ కరుగుతూనే ఉంది. ఆ మర్నాడూ అంతే. వారం గడిచినా అంతే. నవ్వడం మానేసింది. బతిమాలితే వినదు, కోప్పడదు, కంబళి విప్పి నిలబడుతుంది. వరండాలోంచి ఐసు కోసం పిలుపులు వినబడుతున్నా, చూశామని ఎవరో ఒకరు అనేదాకా కదలదు.

చివరికి కూర్మారావు గురువుగారి దగ్గరికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"నిజం తెలిసిపోయింది గురువుగారూ. కాపలాలు తీసేశాను, క్షమాపణ చెప్పుకున్నాను. అనుమానం నాలో ఆవగింజంతైనా లేదు. మళ్ళీ మునుపటిలాగా ఎందుకు ఉండటం లేదు ఆవిడ?"

అవధాని గారు వాకిట్లోకి చూశారు. పైడమ్మ అప్పుడే వెళ్ళింది. బుట్ట పెట్టిన చోట నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి.

"గడ్డ కరిగి ఆ నీళ్ళు కావడానికి కంబళి విప్పితే చాలింది. అవి మళ్ళీ గడ్డ కట్టాలంటే రేవులో ఆ యంత్రం ఎంతసేపు తిరగాలో, రేపు బుట్ట నువ్వు మోసుకొచ్చేటప్పుడు కనుక్కుని రా కూర్మారావూ" అన్నారు.